స్క్రూ తీస్తే కాలు ఊడిపోదమ్మా

ప్రశ్న: డాక్టరుగారికి నమస్కారం. మాది చిత్తూరు. మా అబ్బాయికి 24 ఏళ్ళు, శ్రీసిటీలో ఒక కంపెనీలో పని. ఐదు నెలల కిందట నైట్ షిఫ్టు ముగించుకుని బైకు మీద వస్తూ పుత్తూరు దగ్గర పడ్డాడు. కుడికాలు చీలమండకు కాస్త పైన విరిగింది. తిరుపతిలో ఆపరేషన్ చేసి ఎముక లోపల రాడ్ వేశారు. పోయిన వారం ఎక్స్‌రే చూసి, "అతుకు నిదానంగా ఉంది, మోకాలి దగ్గరున్న స్క్రూ ఒకటి తీసేద్దాం, పూర్తి బరువు పెట్టి నడవాలి" అన్నారు. అతకలేదంటూనే స్క్రూ తీస్తామంటే నాకు గుండె జారిపోయింది. మా అత్తగారేమో "కదిలిస్తే ఎట్లా అతుక్కుంటుంది, మంచం దిగనీయొద్దు, పుత్తూరు కట్టు కట్టిద్దాం" అంటున్నారు. నేను పూటకొక కాల్షియం మాత్ర, రోజు మార్చి రోజు కాళ్ళ సూపు ఇస్తున్నాను. నొప్పి అనిపిస్తే వాడే మెడికల్ షాపులో మాత్రలు తెప్పించుకుని వేసుకుంటాడు. సిగరెట్లు తాగుతాడని ఈ మధ్యే తెలిసింది. ఎముక పెరిగే ఇంజెక్షన్లు ఉన్నాయని ఫోనులో చూసి అడుగుతున్నాడు. ఇంత కాల్షియం ఇస్తున్నా ఎందుకు అతకడం లేదు? నయమైతే అలిపిరి నుంచి నడిపించి కొండెక్కిస్తానని మొక్కుకున్నాను. మంచి మాట చెప్పండి.
ఒక తల్లి, చిత్తూరు

జవాబు:

అమ్మా, ముందు కాస్త కుదుటపడండి. మీరు రాసిన దాంట్లో భయపడాల్సినది తక్కువ, సరిచేసుకోవాల్సినవి రెండు మూడు ఉన్నాయి. మీ డాక్టరు చెప్పిన మాట సరైనదేనని నాకనిపిస్తోంది. ఎక్స్‌రే నేను చూడలేదు కాబట్టి చివరి మాట ఆయనదే. ఆయన ఎందుకలా అన్నారో మాత్రం వివరంగా చెప్తాను. అది తెలియకపోతే మీ ఇంట్లో ఎవరూ ఆ పిల్లవాడిని మంచం దిగనివ్వరు.

మోకాలి కింది ఈ పెద్ద ఎముక అతకడానికి బాగున్న మనిషికే నాలుగైదు నెలలు పడుతుంది. అందులోనూ చీలమండకు దగ్గరగా విరిగితే ఇంకా నిదానం. మీ కాలు మీరే తడిమి చూసుకోండి. పిక్క దగ్గర ఎంత కండ ఉందో, కిందికి వచ్చేసరికి చర్మం కింద నేరుగా ఎముకే తగులుతుంది. కండ లేనిచోట రక్తం తక్కువ. రక్తం తక్కువైనచోట అతుకు ఆలస్యం. తొమ్మిది నెలలు గడిచి, చివరి మూడు నెలల ఎక్స్‌రేల్లో ఏ మార్పూ కనపడకపోతేనే అతకని ఎముక అని పేరు పెట్టడం మాలో వాడుక. మీవాడు ఆ దశకు రాలేదు. నిదానంగా ఉందని మాత్రమే చెప్పారు.

ఇప్పుడు మీ అసలు ప్రశ్నకు వస్తాను. ఇంత కాల్షియం ఇస్తున్నా ఎందుకు అతకడం లేదు?

ఇంటి ముందు ఇటుకలు, ఇసుక, సిమెంటు లారీలకు లారీలు దింపించి, బేల్దారిని పిలవకుండా కూర్చుంటే గోడ లేస్తుందా? కాల్షియం ఇటుక లాంటిది. ఎముక కట్టే కణాలు వేరే ఉన్నాయి, ఆస్టియోబ్లాస్టులంటారు. బేల్దారులంటే అవీ. వాటికి పని ఎక్కడుందో, ఎప్పుడు మొదలుపెట్టాలో, ఎప్పుడు ఆపాలో చెప్పేది మీ మాత్ర కాదు. ఆ చుట్టుపక్కల కణాలే ఒకదానికొకటి కబురు పంపుకుంటాయి. ఆ కబుర్లన్నీ చిన్న చిన్న ప్రోటీన్లు, రసాయనాలు. పుట్టినచోటే, ఆ కొద్ది మేరలోనే పని చేస్తాయి. థైరాయిడ్, ఆడవాళ్ళ హార్మోను లాంటివి రక్తంలో కలిసి ఒళ్ళంతా తిరుగుతాయి, ఊళ్ళో దండోరా వేసినట్టు. ఇవి అలా కాదు, పక్కవాడి చెవిలో చెప్పే మాటలు. విరిగింది కుడికాలైతే ఎడమకాలి ఎముక లావెక్కకపోవడానికి కారణం అదే.

ఈ సంగతి ఎలా బయటపడిందో చెప్పాలి. నాకు చాలా ఇష్టమైన కథ ఇది, పైగా మీ ప్రశ్నకు సూటిగా జవాబు అందులోనే ఉంది. 1965లో లాస్ ఏంజెలెస్‌లో మార్షల్ యూరిస్ట్ అనే ఎముకల డాక్టరు ఒక ప్రయోగం రాశాడు. ఎముక ముక్క తీసుకుని యాసిడ్‌లో నానబెట్టి, అందులోని కాల్షియం అంతా కరిగించేశాడు. మిగిలింది రబ్బరులా వంగే మెత్తటి ముక్క. దాన్ని కుందేలు కండలో పెట్టాడు. ఎముకలో కాదు, ఎముక అనేదే ఉండని కండ మధ్యలో. కొన్ని వారాలకు అక్కడ కొత్త ఎముక పుట్టింది! కాల్షియం చుక్క లేని ముక్క, ఎముకే లేని చోటికి బేల్దారులను పిలిపించి గోడ కట్టించింది. అంటే ఆ మెత్తటి ముక్కలో కాల్షియం కాక ఇంకేదో ఉంది, అదే పిలుస్తోంది. దానికి బోన్ మార్ఫోజెనెటిక్ ప్రోటీన్ అని పేరొచ్చింది, పొట్టిగా బీఎంపీ. ఒకటి కాదు, అదొక పెద్ద కుటుంబం.

తరవాతి మెట్టు మనదేశం నుంచి వెళ్ళిన వాళ్ళది. ఢిల్లీలో చదివి అమెరికా వెళ్ళిన హరి రెడ్డి, ఆయనతో పనిచేసిన కుబేర్ సంపత్ 1981లో ఆ ముక్కలోని కబురును రసాయనంతో విడదీశారు. కబురు పోయిన పిప్పిని పెడితే ఎముక పుట్టలేదు. పిప్పి లేకుండా కబురు ఒక్కటే పెట్టినా పుట్టలేదు. రెండూ మళ్ళీ కలిపి పెడితే పుట్టింది. ఈ మూడు వాక్యాలు గుర్తుపెట్టుకోండి, చివర్లో మీవాడి ఇంజెక్షను గురించి చెప్పేటప్పుడు పనికొస్తాయి. కబురుకు ఒక ఆధారం, నిలబడే చోటు కావాలి. ఊరికే గాల్లో వదిలితే పని జరగదు.

మీ అబ్బాయి కాలులో ఈ ఐదు నెలలూ ఏం జరిగిందో ఇప్పుడు చూద్దాం. విరిగిన గంటలోనే అక్కడ రక్తం గడ్డకట్టింది. ఆ గడ్డ పనికిమాలిన మురికి కాదు, మొదటి కబురు అక్కడి నుంచే వెళ్ళింది. రక్తంలోని ప్లేట్‌లెట్లు పగిలి పీడీజీఎఫ్, టీజీఎఫ్ బీటా అనే ప్రోటీన్లను వదిలాయి. వాపు వచ్చింది, కాలు వేడెక్కింది. ఆ వాపు కూడా కబురే. ఎముక పైపొర నుంచి, మజ్జ నుంచి ఇంకా ఏ పనీ నేర్వని మూలకణాలు అక్కడికి చేరాయి. బీఎంపీలు, వింట్ అనే ఇంకో రకం ప్రోటీన్లు వాటికి "నువ్వు బేల్దారివి కావాలి" అని చెప్తాయి. రక్తం తక్కువగా అందే చోట కొన్ని కణాలు ముందు మెత్తటి మృదులాస్థి అవుతాయి. వీఈజీఎఫ్ అనే ప్రోటీన్ కొత్త రక్తనాళాలను అక్కడికి రప్పించాక, ఆ మెత్తటిది క్రమంగా గట్టి ఎముకగా మారుతుంది. ఎక్స్‌రేలో డాక్టరు చూపించే తెల్లటి ఉబ్బు, మేం కాలస్ అంటాం, అదీ ఇదే. రక్తం అందకపోతే మెత్తటిది మెత్తగానే ఉండిపోతుంది. మీవాడి కథ బహుశా ఇక్కడే నెమ్మదించింది.

ఇక స్క్రూ సంగతి. మీరు ఎక్కువ భయపడింది దీనికే కాబట్టి ఇక్కడ కాస్త ఆగుదాం.

గోడ కడుతూ కడుతూ కొందరు బేల్దారులు అదే గోడలో ఉండిపోతారు. నిజంగానే ఎముకలో ఇలా జరుగుతుంది. ఎముక కట్టే కణాల్లో కొన్ని తాము కట్టిన గట్టి పదార్థంలోనే చిక్కుకుని ఆస్టియోసైట్లు అవుతాయి. మన ఎముకల్లోని కణాల్లో నూటికి తొంభైకి పైగా ఇవే. వెంట్రుక కంటే ఎన్నో రెట్లు సన్నని కాలువల్లోంచి చేతులు చాపి ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. మనం అడుగు వేసినప్పుడు ఎముక కంటికి కనపడనంత వంగి, ఆ సన్నని కాలువల్లో నీరు కదులుతుంది. ఆ కదలికను ఈ కణాలు పసిగడతాయి. బరువు పడుతోందంటే పని ఉందని అర్థం.

బరువు పడనప్పుడు ఈ కణాలు స్క్లెరోస్టిన్ అనే ప్రోటీన్‌ను ఎక్కువగా తయారు చేస్తాయి. అది పైనున్న బేల్దారుల దగ్గరికి పోయి వింట్ చెప్పే మాట వాళ్ళ చెవిన పడకుండా అడ్డుకుంటుంది. పని ఆపండి అన్నమాట. బరువు పడితే స్క్లెరోస్టిన్ తగ్గుతుంది, అడ్డు తొలగుతుంది, బేల్దారులు పనిలోకి దిగుతారు. 2008లో ఎలుకల్లో దీన్ని స్పష్టంగా చూపించారు. పక్షవాతంతో కదలలేకుండా మంచాన పడ్డవాళ్ళ రక్తంలో స్క్లెరోస్టిన్ పెరిగి ఉంటుందని 2010లో ఇంకొందరు చూశారు. అంతరిక్షంలో బరువే తెలియకుండా తేలే వ్యోమగాములకు తుంటి, నడుము ఎముకల్లో నెలకు నూటికి ఒక వంతుకు పైగా ఎముక తరిగిపోతుంది. వాళ్ళకు తిండికీ కాల్షియానికీ లోటు లేదు, ఎముక మీద బరువు లేదు, అంతే.

స్క్లెరోస్టిన్ బొత్తిగా లేకపోతే ఏమవుతుందో కూడా తెలుసు. దక్షిణాఫ్రికాలో డచ్చి సంతతి కుటుంబాలు కొన్నింటిలో ఈ ప్రోటీన్ పుట్టదు. ఆ జన్యువును 2001లో గుర్తించారు. వాళ్ళ ఎముకలు ఎంత దిట్టమంటే విరగడం చాలా అరుదు. కానీ పుర్రె ఎముక కూడా ఆగకుండా లావెక్కి నరాలను నొక్కేస్తుంది, వినికిడి పోతుంది, మూతి వంకర పోతుంది. అందుకే ఆ అడ్డును చెడ్డదనుకోకండి. ఎక్కడ ఎముక అవసరమో అక్కడే కట్టేలా చూసేది అదే. దానికి మనం చెప్పాల్సింది ఒక్కటే: ఇక్కడ అవసరం ఉంది. అది చెప్పే భాష నడక.

మీవాడి కాలులోని రాడ్‌ను పైనా కిందా స్క్రూలతో బిగించారు. మొదట్లో అది చాలా అవసరం. కాలు పొట్టి కాకుండా, మెలితిరగకుండా పట్టుకుంటుంది. కానీ ఐదు నెలల తర్వాత అదే బిగింపు ఒక్కోసారి అడ్డమవుతుంది. మీవాడు అడుగు వేస్తే బరువు పై స్క్రూ నుంచి రాడ్‌లోకి, రాడ్ నుంచి కింది స్క్రూలోకి పోతుంది. విరిగినచోటును దాటేసి పోతుంది. ఎముక రెండు కొనలకూ బరువే తెలియదు. పై స్క్రూ ఒకటి తీస్తే అడుగు వేసిన ప్రతిసారీ ఆ రెండు కొనలు ఒకదానికొకటి కొద్దిగా నొక్కుకుంటాయి. రాడ్ లోపలే ఉంటుంది కాబట్టి కాలు వంగిపోదు. దీన్ని డైనమైజేషన్ అంటాం. చిన్న కోతతో అయిపోయే పని. ఒక షరతు మాత్రం ఉంది. ఎముక ముక్కలు ముక్కలుగా నుజ్జయి ఉంటే స్క్రూ తీయకూడదు, కాలు పొట్టి అవుతుంది. మీ డాక్టరు అది చూసే చెప్పి ఉంటారు. మీరూ ఒకసారి అడగండి, తప్పులేదు.

మీ అత్తగారి మాట పూర్తిగా తప్పని నేననను. ఆవిడ చూసిన లోకంలో ఎముక విరిగితే కదలకుండా పెట్టడమే వైద్యం, అది మొదటి వారాలకు నిజం. విరిగిన ముక్కలు ఎక్కువ కదిలితే లేత కణాలు చిరిగిపోయి, ఎముక బదులు పీచు పుడుతుంది. బొత్తిగా కదలిక లేకపోతే కాలస్ రాదు. ఈ రెంటి మధ్య ఒక కొలత ఉంది. దీనికి రష్యాలో ఇలిజరోవ్ అనే డాక్టరు చేసిన పనే సాక్ష్యం. సైబీరియాలోని కుర్గాన్‌లో ఆయన కాలి చుట్టూ ఉంగరాలు బిగించి, కోసిన ఎముక కొనలను రోజుకు ఒక మిల్లీమీటరు చొప్పున దూరం జరిపాడు. ఆ సందులో కొత్త ఎముక పుట్టింది! మరీ వేగంగా జరిపితే పుట్టదు, మరీ నిదానమైతే ముందే అతుక్కుపోతుంది. ఎముక కణం లాగుడునూ నొక్కుడునూ కబురుగానే తీసుకుంటుంది. ఈ మాట ఆవిడకు నెమ్మదిగా చెప్పండి, తప్పకుండా అర్థం చేసుకుంటారు.

పుత్తూరు కట్టు గురించి కూడా మనసులో మాట చెప్తాను. నేను చదువుకునే రోజుల నుంచీ చూస్తున్నాను, తమిళనాడు నుంచి, కర్ణాటక నుంచి బస్సుల్లో, కార్లలో అక్కడికి వస్తారు. ఆకు పసరు, కోడిగుడ్డు సొన, గుడ్డ, వెదురు బద్దలు పెట్టి కట్టే ఆ చేతి నేర్పును నేను చులకన చేయను. చర్మం చిట్లకుండా, ఎముక పక్కకు పోకుండా విరిగినచోట కదలకుండా పట్టుకోవడమే కట్టు చేసే పెద్ద మేలు. అతికించేది లోపలున్న కబుర్లే, మా సిమెంటు కట్టుకైనా అంతే. కానీ మీవాడికి ఎముక లోపలే రాడ్ ఉంది, అంతకంటే గట్టిగా పైనుంచి పట్టుకునే కట్టు లేదు. పైన ఆపరేషన్ మచ్చలున్నాయి. కట్టు కాస్త బిగుతైతే మొదటే రక్తం తక్కువైన ఆ చోటికి ఇంకా తగ్గుతుంది. వద్దమ్మా. ఇప్పుడు వాడికి కావాల్సింది ఇంకో కట్టు కాదు, కట్టు వదిలి నడవడం.

అబ్బాయికి కూడా రెండు మాటలు. నాయనా, ఇది నువ్వు చదువు. సిగరెట్టులోని నికోటిన్ రక్తనాళాలను ముడుచుకునేలా చేస్తుంది, పొగలోని కార్బన్ మోనాక్సైడు రక్తంలో ఆక్సిజన్ చోటును ఆక్రమిస్తుంది. పైన చెప్పాను, రక్తం రాకపోతే మెత్తటి కాలస్ గట్టి ఎముక కాదని. కాలి ఎముక విరిగిన పొగతాగేవాళ్ళలో అతుకు ఆలస్యం కావడం, అతకకపోవడం ఎక్కువని ఎన్నో అధ్యయనాలు చెప్పాయి. మీ అమ్మ పూటకొకటి ఇచ్చే మాత్రలన్నిటికంటే నువ్వు ఈ రోజు మానేసే సిగరెట్టు నీ కాలుకు ఎక్కువ మేలు చేస్తుంది. ఆరు నెలలైనా మానెయ్, ఆ తర్వాత మళ్ళీ ముట్టుకోవాలని నీకే అనిపించదని నా ఆశ. తిట్టడానికి కాదు నాయనా, నీ వయసువాళ్ళు రెండో ఆపరేషన్‌కు రావడం చూసి బాధపడ్డవాడిని కాబట్టి అడుగుతున్నాను.

నొప్పి మాత్రలు రెండోది. మెడికల్ షాపులో అడగ్గానే ఇచ్చేవాటిలో చాలా వరకు ప్రోస్టాగ్లాండిన్ అనే రసాయనం పుట్టకుండా ఆపుతాయి. నొప్పి పుట్టించేది అదే, ఎముక కణాలను పనికి పిలిచే కబుర్లలోనూ అదొకటి. దాన్ని తయారుచేసే కాక్స్-2 ఎంజైము లేని చిట్టెలుకల్లో విరిగిన ఎముక సరిగా అతకలేదని 2002లో చూపించారు. మనుషుల్లో కొద్దిరోజులు వాడితే పెద్ద నష్టం ఉండకపోవచ్చు, నెలల తరబడి మాత్రం వద్దు. కిడ్నీకీ కడుపుకూ కూడా అవి మంచివి కావు. పారాసెటమాల్ సరిపోతుందేమో డాక్టరును అడుగు. ఇంకోటి, ఐదు నెలల తర్వాత కూడా మాత్ర వేసుకోవాల్సినంత నొప్పి ఉంటే ఆ సంగతి ఆయనకు తప్పక తెలియాలి. నొప్పిని మాత్రతో దాచేస్తే ఆయనకు సగం సమాచారం అందనట్టే.

ఫోనులో చూసిన ఇంజెక్షన్లు అబద్ధం కాదు. పైన చెప్పిన కబుర్ల నుంచే ఆ మందులు పుట్టాయి. స్క్లెరోస్టిన్‌ను అడ్డుకునే రోమోసోజుమాబ్‌కు 2019లో అమెరికాలో అనుమతి వచ్చింది. అది నెలసరి ఆగిపోయి, ఎముకలు గుల్లబారి విరిగే ప్రమాదం బాగా ఎక్కువున్న ఆడవాళ్ళకు. గుండెపోటు, పక్షవాతం గురించి హెచ్చరికతో వస్తుంది. నీకు వచ్చే అనుమానమే పరిశోధకులకూ వచ్చింది, విరిగిన కాలికి కూడా ఇస్తే త్వరగా అతుకుతుందా అని. కాలి ఎముక విరిగినవాళ్ళలోనూ తుంటి విరిగినవాళ్ళలోనూ పరీక్షించి చూశారు. మామూలుగా అతికేదానికంటే త్వరగా అతకలేదు. బీఎంపీ-2ను స్పంజిలో నానబెట్టి విరిగినచోట పెట్టే పద్ధతికి 2002లో వెన్నెముక ఆపరేషన్‌కు, 2004లో చర్మం చీల్చుకుని విరిగిన కాలి ఎముకకు అక్కడ అనుమతి ఇచ్చారు. గమనించావా, స్పంజి! హరి రెడ్డి, సంపత్ చెప్పిన ఆధారం అదే. అది చేతికి వేసే ఇంజెక్షను కాదు, ఆపరేషన్‌లో పెట్టేది. ఒంట్లో సహజంగా ఉండేదానికంటే ఎన్నో రెట్లు మోతాదు పెట్టాల్సి వస్తుంది. మెడ దగ్గర వాడినప్పుడు గొంతు వాచి ఊపిరాడక ఇబ్బందిపడ్డ ఘటనలు వచ్చాయని 2008లో అమెరికా ఔషధ సంస్థ హెచ్చరించింది. ఒకచోట చెవిలో చెప్పాల్సిన మాటను మైకులో అరిచినట్టవుతుంది. 24 ఏళ్ళ నీకు, ఐదు నెలల్లో, ఇవేవీ అవసరం లేదు.

స్క్రూ తీసి నడిచినా కొన్ని నెలలకు మార్పు రాకపోతే అప్పుడు మీ డాక్టరు తుంటి ఎముక అంచు నుంచి కొంచెం ఎముక తీసి విరిగినచోట పెడదామనవచ్చు. ఆ మాట వినగానే బెదరకండమ్మా. ఆ ముక్కలో బతికున్న కణాలుంటాయి, వాటిని పిలిచే కబుర్లుంటాయి, అవి నిలబడే ఆధారమూ ఉంటుంది. మూడూ ఒకేచోట. బజారులో దొరికే ఏ మందూ ఇప్పటికీ దానికి పూర్తి సాటి రాలేదు. అంతవరకు రాకపోవచ్చనే నా నమ్మకం.

తిండి విషయం తేలిక. పెద్దవాళ్ళకు రోజుకు 1000 మిల్లీగ్రాముల కాల్షియం చాలని మన దేశ వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ చెప్తోంది. పాలు, పెరుగు, రాగి సంగటి తినే ఇంట్లో అందులో చాలా భాగం తిండి నుంచే వస్తుంది. రోజుకు మూడు మాత్రలు అవసరం ఉండకపోవచ్చు. ఎక్కువైతే కొందరికి మలబద్ధకం, కిడ్నీలో రాళ్ళు. కాళ్ళ సూపులో కాల్షియం మీరనుకున్నంత దిగదు, రుచికి ఇవ్వండి. దాని బదులు గుడ్లు, పప్పు, చెనిక్కాయలు, మాంసం ముక్కలు పెంచండి. ఎముకలో కాల్షియం పేరుకునే ముందు ప్రోటీన్ అల్లిక ఉండాలి, బేల్దారి మొదట పరిచేది దాన్నే. ఇంకొక పరీక్ష చేయించండి, విటమిన్ డి. ఇంత ఎండ కాసే ఊళ్ళో అదేమిటని అందరూ అనుకుంటారు. తిరుపతి స్విమ్స్ ఆస్పత్రిలో డాక్టర్ హరినారాయణ్ బృందం ఈ చుట్టుపక్కల పల్లెల్లో, పట్నంలో ఆరోగ్యంగా ఉన్నవాళ్ళనే పరీక్షించి 2007లో రాసిన పేపరులో, విటమిన్ డి లోపం చాలామందిలో ఉందని, తిండిలో కాల్షియం తక్కువని, కాల్షియం ఒంటికి పట్టకుండా పట్టి ఉంచే ఫైటేట్ అనే పదార్థం ఎక్కువని తేల్చింది. మీవాడు ఐదు నెలలుగా ఇంట్లోనే ఉన్నాడు. రాత్రి షిఫ్టులు చేసినవాడు కూడా. చూపించండి. షుగరు కూడా ఒకసారి చూపిస్తే మంచిది.

వచ్చేసారి ఆస్పత్రికి వెళ్ళినప్పుడు ఎక్స్‌రే పట్టుకుని ఒక ప్రశ్న అడగండి: "సార్, నాలుగు అంచుల్లో ఎన్ని కలిశాయి?" ముందు నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి, రెండు ఎక్స్‌రేల్లో కలిపి ఎముకకు నాలుగు అంచులు కనిపిస్తాయి. మూడింటిని కాలస్ కలిపితే అతికిందని మేం లెక్కవేస్తాం. ప్రతిసారీ ఆ అంకె రాసిపెట్టుకుంటే ముందుకు పోతున్నదీ లేనిదీ మీకే తెలుస్తుంది. కాలు ఎర్రబడినా, చీము కారినా, జ్వరం వచ్చినా, రాత్రిపూట నిద్రపట్టని నొప్పి ఉన్నా ఎక్స్‌రే తేదీ కోసం ఆగకండి, ఆ రోజే చూపించండి. ఇన్ఫెక్షన్ ఉంటే దారి వేరు, స్క్రూ మాట అప్పుడు తర్వాత.

నడక డాక్టరు చెప్పిన కొలతలోనే మొదలుపెట్టించండి. మొదట చేతికర్రతో ఇంటి ముందు, ఆ తర్వాత వీధి చివరిదాకా. మొదటి కొద్దిరోజులు నొప్పి కాస్త పెరగొచ్చు, రోజురోజుకూ తగ్గుతూ రావాలి. వాళ్ళవ్వను పక్కన నడవమనండి, ఆవిడకు ధైర్యం వస్తుంది, ఆ వయసులో ఆవిడ ఎముకలకూ అది అవసరమే.

మొక్కు సంగతి. అలిపిరి దారిలో మెట్లు మూడున్నర వేలకు పైనే, మోకాళ్ళ పర్వతం దగ్గర ఏటవాలు చాలా గట్టిది. మూడు అంచులు కలిశాయని డాక్టరు చెప్పేవరకు ఎక్కనీయకండి. చెప్పాక కూడా మొదటిసారి గాలిగోపురం దాకా వెళ్ళి కాలు ఎలా ఉందో చూసుకోమనండి. బాగుంటే ఇంకో రోజు మొత్తం ఎక్కొచ్చు. ఎక్కిన రోజు నాకు ఒక ముక్క రాయండి, ఎదురుచూస్తుంటాను.